రాజీ పత్రంలో ఆఖరి పేరా

లోపమున్న వస్తువుల వల్ల గాయపడినవారి తరఫున అమెరికా కోర్టుల్లో దావాలు వేయడం నా వృత్తి. ఈ వృత్తిలో నా చేతికి వచ్చే కాగితాలన్నిటిలోకీ నన్ను ఎక్కువగా బాధపెట్టేది రాజీ ఒప్పందం చివర, సంతకాలకు కాస్త పైన వచ్చే ఒక పేరా. ఎంత సొమ్ము, ఎప్పటిలోగా చెల్లిస్తారు అన్న విషయాలన్నీ ముగిశాక ఆ పేరా మొదలవుతుంది. ప్రమాదం గురించి గానీ, ఆ వస్తువు గురించి గానీ, దావా సందర్భంగా కంపెనీ అందజేసిన పత్రాల గురించి గానీ వాది ఎవరితోనూ మాట్లాడకూడదనీ, మాట్లాడితే పుచ్చుకున్న సొమ్ము తిరిగి ఇవ్వవలసి వస్తుందనీ అది చెబుతుంది.

వృత్తిలోకి వచ్చిన తొలి సంవత్సరాల్లో అలాంటి పేరా కింద ఒక తల్లి చేత నేనే సంతకం చేయించాను. లోపల ఆవిరి ఒత్తిడి ఇంకా ఉండగానే ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్ మూత తిరిగి ఊడిరావడంతో మరుగుతున్న నీళ్లు ఆమె చేతుల మీదా, పక్కనే నిలబడిన కూతురి మెడ మీదా పడ్డాయి. ఒత్తిడి ఉన్నంతసేపూ మూతను కదలనివ్వకుండా పట్టి ఉంచవలసిన చిన్న పిన్ను, కాస్త బలంగా తిప్పితే చాలు పక్కకు జరిగిపోతున్నదని మా నిపుణుడు పరీక్షించి చూపించాడు. అదే ఫిర్యాదు అంతకు ముందు మరికొందరు కూడా చేశారని కంపెనీ సొంత రికార్డుల్లోనే కనిపించింది. పాపకు చేయించవలసిన చర్మ మార్పిడి శస్త్రచికిత్సలు ఇంకా మిగిలి ఉన్నాయి, కంపెనీ ఇస్తానన్న మొత్తం వాటికి సరిపోతుంది. అందువల్ల ఆ ఆఖరి పేరాను అన్ని ఒప్పందాల్లోనూ ఉండే లాంఛనంగానే భావించాను. దాదాపు రెండేళ్ల తరువాత మరొక రాష్ట్రం నుంచి ఒక తండ్రి ఫోన్ చేసి తన కొడుకుకు జరిగింది చెబుతున్నప్పుడు, ఆయన మోడల్ నంబరు చదవకముందే అది ఏ కుక్కరో నాకు అర్థమయింది. మొదటి దావాలో నేను చూసిన పత్రాల గురించి ఆయనకు ఒక్క మాట చెప్పే స్వేచ్ఛ నాకు లేదు. అవి నా బీరువాలోనే ఉన్నాయి.

గాయాల దావా అంటే డబ్బు కోసం వేసేదనే అభిప్రాయం బలంగా ఉంది. పరిహారం ముఖ్యం కాదని నేను అనను. కాలు కోల్పోయిన మనిషికి కృత్రిమ కాలు కొనవలసింది డబ్బుతోనే. అయితే దావాకు మరొక శక్తి ఉంది. డిస్కవరీ అనే దశలో, కంపెనీ లోపలి ఈమెయిళ్లు, పరీక్షల నివేదికలు, డిజైన్ మార్పుల రికార్డులు, పాత ఫిర్యాదులు అడిగి తెప్పించుకునే హక్కు, ఇంజనీర్లను ప్రమాణం చేయించి ప్రశ్నించే హక్కు ఒక సామాన్య కుటుంబానికి లభిస్తాయి. వార్తాపత్రికకు ఆ అధికారం లేదు. వస్తువును కొని వాడుకునే మనిషికి అంతకన్నా లేదు. బీరువా తాళం తీయించగలిగేది చాలాసార్లు దావా ఒక్కటే.

జనరల్ మోటార్స్ ఇగ్నిషన్ స్విచ్ ఉదంతాన్ని అందుకే నేను తరచుగా గుర్తు చేసుకుంటాను. తాళంచెవి కొద్దిపాటి బరువుకో, కుదుపుకో 'రన్' స్థానం నుంచి జారిపోయేది. అలా జారితే ఇంజను ఆగిపోయి, స్టీరింగుకు అందే పవర్ పోయి, ఢీకొన్న క్షణంలో ఎయిర్‌బ్యాగులు తెరుచుకునేవి కావు. బరువైన కీచైన్లు తగిలించవద్దని వాహన యజమానులకు చెప్పమంటూ కంపెనీ 2005లోనే డీలర్లకు సూచన పంపింది గానీ, వాహనాలను వెనక్కి పిలవలేదు. జార్జియా రాష్ట్రంలో 2010లో ఒక యువతి మరణించాక ఆమె తల్లిదండ్రులు వేసిన దావాలో ఒక ఇంజనీరు ఆమె కారులోని స్విచ్‌ను, కొత్తగా కొన్న స్విచ్‌ను విడదీసి పక్కపక్కన పెట్టి చూశాడు. లోపలి స్ప్రింగు, దాన్ని మోసే చిన్న ప్లంజరు రెండింటిలో ఒకే కొలతలో లేవు, కానీ భాగం నంబరు మాత్రం ఒకటే. స్విచ్‌ను 2006లో మార్చి, నంబరు మార్చకుండా వదిలేయడంతో, మార్పు జరిగిందన్న సంగతి బయటి నుంచి చూసేవారెవరికీ తెలిసే అవకాశం లేకపోయింది. ఆ దావా 2013లో రాజీతో ముగిసింది. అయినప్పటికీ, 2014 ఫిబ్రవరిలో కంపెనీ పరిమితంగా ఒక రీకాల్ ప్రకటించినప్పుడు, దాన్ని విస్తరించాలని కోరుతూ ఆ కుటుంబం న్యాయవాది ఫెడరల్ రహదారి భద్రతా సంస్థకు లేఖ రాశాడు. చివరికి రీకాల్ దాదాపు 26 లక్షల వాహనాలకు విస్తరించింది. ఆ స్విచ్ కారణంగా సంభవించినవిగా పరిహార నిధి అంగీకరించిన మరణాలు 124. ఒక కుటుంబం పట్టుదల, స్క్రూడ్రైవర్‌తో ఒక ఇంజనీరు చేసిన ఓపికైన పని లేకపోతే ఆ సంఖ్య ఎక్కడ ఆగేదో ఆలోచించడానికే కష్టంగా ఉంటుంది.

దావాలంటే అత్యాశ అని వాదించేవారు ఎప్పుడూ ఉదహరించే మెక్‌డొనాల్డ్స్ కాఫీ కేసులోనూ అసలు విషయం పత్రాలే. ఒడిలో కాఫీ ఒలకడంతో 79 ఏళ్ల మహిళకు చర్మం లోపలి పొరల దాకా కాలి, చర్మ మార్పిడి చేయవలసి వచ్చింది. ఆమె మొదట అడిగింది సుమారు 20,000 డాలర్లు, మెక్‌డొనాల్డ్స్ ఇస్తానన్నది 800. అంతకు ముందు పదేళ్లలో అటువంటి ఫిర్యాదులు 700కు పైగా వచ్చాయని జ్యూరీకి తెలిసింది డిస్కవరీ వల్లనే. పొరపాటులో 20 శాతం ఆమెదేనని తేల్చిన ఆ జ్యూరీయే 1994లో శిక్షాత్మక పరిహారంగా, అంటే కంపెనీకి శిక్షగా, 27 లక్షల డాలర్లు విధించగా, న్యాయమూర్తి మొత్తం పరిహారాన్ని 6,40,000కు తగ్గించారు. చివరికి ఇరుపక్షాలు రాజీపడ్డాయి, ఆ రాజీ మొత్తం నేటికీ బయటకు రాలేదు. జనానికి గుర్తున్న పెద్ద అంకె ఆమెకు దక్కలేదు.

ఈ పనంతా ప్రభుత్వ సంస్థలు చేయాలి కదా అని నన్ను చాలామంది అడుగుతారు. 1972 నాటి చట్టంతో ఏర్పడిన వినియోగ వస్తువుల భద్రతా కమిషన్‌లో అంకితభావంతో పనిచేసేవారు ఉన్నారు. తీవ్రమైన ప్రమాదానికి దారితీసే లోపం ఉందని సమాచారం అందిన 24 గంటల్లోగా కంపెనీ ఆ సంస్థకు తెలియజేయాలని నియమం కూడా ఉంది. కానీ అదే చట్టంలోని 6(బి) సెక్షన్ ప్రకారం, ఒక కంపెనీ పేరు చెప్పి వివరాలు ప్రకటించే ముందు కమిషన్ సాధారణంగా ఆ కంపెనీకి తెలియజేసి, దాని అభ్యంతరాలు విని, సమాచారం సరైనదేనని నిర్ధారించుకోవాలి. రెండేళ్ల వ్యవధిలో ఒకే మోడల్ మీద మరణానికో తీవ్ర గాయానికో సంబంధించిన మూడు దావాలు రాజీతోనో తీర్పుతోనో ముగిస్తే ఆ సంగతి కమిషన్‌కు తెలపాలని మరొక నిబంధన చెబుతుంది, కానీ అలా తెలిపిన సమాచారాన్ని ప్రజలకు వెల్లడించే వీలును ఆ చట్టమే తీసివేస్తుంది. అంటే ప్రమాదం గురించి కంపెనీకి తెలుసు, న్యాయవాదికి తెలుసు, కొన్నిసార్లు ప్రభుత్వానికి కూడా తెలుసు, ఆ వస్తువును ఇంట్లో పెట్టుకున్నవారికి మాత్రం తెలియదు.

ఈ మౌనానికి కంపెనీలను మాత్రమే నిందించి నేను తప్పించుకోలేను. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. వేగంగా వెళుతున్నప్పుడు టైరు పైపొర ఊడిపోయి, ఎక్కువగా ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ వాహనాలు బోల్తా పడ్డాయి. ఆ టైర్ల వైఫల్యాలతో ముడిపడిన మరణాలను ఫెడరల్ రహదారి భద్రతా సంస్థ చివరకు 270కి పైగా లెక్కించింది. ఆ తరువాతి సంవత్సరం న్యూయార్క్ టైమ్స్ వెల్లడించిన విషయం మా వృత్తి మీద పడిన మచ్చ: వాదుల తరఫు న్యాయవాదులు కొందరు, వారికి సహకరించిన భద్రతా నిపుణులు 1996లోనే ఈ వైఫల్యాల వరసను గుర్తించి కూడా ప్రభుత్వానికి తెలియజేయలేదు. సంస్థ పైపైన విచారణ జరిపి లోపం లేదని తేల్చేస్తే తమ దావాలు దెబ్బతింటాయన్నది వారి భయం. ఆ భయం నాకు అర్థమవుతుంది, ఎందుకంటే అది నిరాధారమైనది కాదు. అయినా నాలుగేళ్లు మౌనంగా ఉండడానికి అది సరిపోతుందని నేను ఒప్పుకోలేను.

ఎదుటి పక్షం వాదనలో బలం లేదని కూడా అనను. డిజైన్ రహస్యాలు పోటీదారుల చేతికి పోకూడదన్నది సబబైన కోరికే. కాలిన మెడ ఫొటోలు అందరూ చూడాలని ఏ తల్లీ కోరుకోదు, తనకు ఎంత సొమ్ము వచ్చిందో బంధువులకు తెలియకూడదని కోరుకునే హక్కూ ఆమెకు ఉంది. వీటన్నిటికన్నా బరువైన మాట మరొకటి ఉంది: రాజీకి ఒప్పుకోవాలా వద్దా అన్నది కక్షిదారు నిర్ణయం, న్యాయవాది నిర్ణయం కాదు. నా ఫీజు గెలిచిన మొత్తంలో సాధారణంగా మూడో వంతు, ఓడితే ఏమీ రాదు. నిపుణులకూ పరీక్షలకూ పెట్టిన ఖర్చు అప్పటివరకు నాదే. కాబట్టి త్వరగా రాజీ చేసుకోమనే ఒత్తిడి నా మీద కూడా ఉంటుందని దాచను. భవిష్యత్తులో ఇలాంటి కేసులు చేపట్టబోనని న్యాయవాది చేత రాజీలో భాగంగా హామీ తీసుకోవడాన్ని మా వృత్తి నియమావళి నిషేధిస్తుంది. పత్రాలకు సీలు వేయడం ద్వారా మాత్రం ఆచరణలో దాదాపు అదే ఫలితం దక్కుతుంది, ఎందుకంటే తరువాతి బాధితుడు మళ్లీ మొదటి పత్రం నుంచి వెతుక్కోవలసి వస్తుంది.

ఫ్లోరిడా, టెక్సస్ రాష్ట్రాలు 1990లోనే దారి చూపాయి. ప్రజలకు ప్రమాదకరమైన విషయాన్ని దాచే ఒప్పందం చెల్లదని ఫ్లోరిడా చట్టం చెబుతుంది. టెక్సస్ నియమం కోర్టు రికార్డులు బహిరంగమనే భావనతో మొదలై, దాచాలనుకునేవారే కారణం నిరూపించాలంటుంది. ఫెడరల్ కోర్టులన్నిటికీ అటువంటి నియమం తేవాలని అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌లో పలుమార్లు ప్రవేశపెట్టిన బిల్లు ఆమోదం పొందలేదు.

అందువల్ల నా పరిధిలో నేను చేయగలిగింది చేస్తున్నాను. ఆఖరి పేరా గురించి చివరి రోజున మాట్లాడడం మానేసి, మొదటి సమావేశంలోనే, డబ్బు ఒత్తిడి ఇంకా మొదలు కాకముందే, కక్షిదారుతో చర్చిస్తున్నాను. మొత్తాన్ని రహస్యంగా ఉంచడానికి ఒప్పుకుందాం, లోపాన్ని రహస్యంగా ఉంచడానికి ఒప్పుకోవద్దు అన్నది నా సలహా, తుది మాట వారిది. కమిషన్‌కు ప్రమాదాన్ని నివేదించే హక్కు వాదికి ఉంటుందన్న వాక్యం ప్రతి ముసాయిదాలోనూ పెడతాను. ఇంకా రాజీ కాకముందే, 2011 నుంచి కమిషన్ నడుపుతున్న బహిరంగ ఫిర్యాదుల డేటాబేస్‌లో వివరాలు నమోదు చేయిస్తాను. వస్తువును పారేయవద్దనీ, శుభ్రం చేయవద్దనీ, మార్చి ఇస్తామంటే కంపెనీకి తిరిగి పంపవద్దనీ అందరికీ చెబుతాను. విరిగిన వస్తువు చేజారిపోయిన దావాలో చెప్పుకోవడానికి బాధ మిగులుతుంది గానీ, సాక్ష్యం మిగలదు.

ఇది సాధ్యమేనని చూపించిన కుటుంబాలు ఉన్నాయి. ఐకియా సొరుగుల బీరువాలు మీద పడి మరణించిన ముగ్గురు పసివాళ్ల కుటుంబాలు 2016 డిసెంబరులో 5 కోట్ల డాలర్ల రాజీ కుదుర్చుకున్నప్పుడు ఆ మొత్తం అందరికీ తెలిసింది. స్వచ్ఛంద భద్రతా ప్రమాణాన్ని అందుకునే బీరువాలనే ఇకపై అమెరికాలో అమ్మాలన్న షరతు కూడా ఒప్పందంలో చేరింది. ఇలా పిల్లలను కోల్పోయిన తల్లిదండ్రులు ఏళ్ల తరబడి తిరగగా, బోల్తా పడని బీరువాల ప్రమాణాన్ని తప్పనిసరి చేసే చట్టం 2022 డిసెంబరులో వచ్చింది.

ఫోన్ చేసిన ఆ తండ్రి దావా మూడేళ్లు నడిచింది. నా బీరువాలో ఉన్న పత్రాలనే కోర్టు ద్వారా మళ్లీ అడిగి, మళ్లీ పోరాడి తెప్పించుకోవలసి వచ్చింది. రాజీ సమయంలో కంపెనీ రెండు మొత్తాలు ప్రతిపాదించింది, మౌనంతో ఎక్కువ, మౌనం లేకుండా తక్కువ. రెండు రోజులు గడువు అడిగిన ఆయన మూడోనాడు భార్యతో కలిసి వచ్చి, కొడుకు వైద్యానికి రెండో మొత్తం సరిపోతుందా అని మాత్రం అడిగారు. సరిపోతుందని లెక్క వేసి చూపించాను. ఆయన ఆఖరి పేరా మీద అడ్డంగా గీత గీసి, పక్కన పొట్టి సంతకం చేసి, కలాన్ని భార్యకు అందించారు.