నాన్న బండి పోయిన రోజు రాసిన కంప్లైంట్

విజయనగరంలో సిరిమానోత్సవం రోజు మా నాన్న స్ప్లెండర్ పోయింది. పెట్టింది నేనే. మూడు లాంతర్ల జంక్షన్ వైపు బండ్లు వదలరని కాస్త దూరంలో ఒక సందులో పెట్టి, అమ్మవారి సంబరం చూసి వచ్చేసరికి ఆ జాగా ఖాళీగా ఉంది. పొలానికైనా, సంతకైనా, నా పరీక్షలకైనా మా ఇంట్లో ఆ బండే దిక్కు.

స్టేషన్‌లో తెల్లకాగితాలు ఇచ్చి రాసి ఇమ్మన్నారు. టెన్షన్‌లో రెండు పేజీలు నింపేశాను. నాన్న ఎంత కష్టపడి కొన్నాడో, పండగ పూట ఇదెంత అన్యాయమో అంతా రాశాను. మా వీధి కుర్రాడొకడు పొద్దున్న తాళం అడిగాడు, నేనివ్వలేదు. వాడే తీసి ఉంటాడని పేరుతో సహా రాసేశాను.

హెడ్ కానిస్టేబుల్ గారు మొత్తం చదివి, ఆ పేరు మీద పెన్ను ఆనించారు.

"ఈ గుంటడు బండి తియ్యడం నువ్వు సూసినావా బాబూ?"

"లేదండీ."

"మరి నువ్వు సూసిందేటి, అది రాయి. ఎన్ని గంటలకి పెట్టినావు?"

రెండు పేజీల్లో టైమే లేదు! బండి పెట్టగానే పక్కనే కొబ్బరికాయ కొని ఫోన్‌పే చేసినట్టు గుర్తొచ్చింది. తీసి చూస్తే 2.41. తిరిగొచ్చి నాన్నకి ఫోన్ చేసింది 6.10కి. ఆ మూడున్నర గంటల్లోనే పోయిందని తేలితే, సీసీ కెమెరాల్లో ఎక్కడి నుంచి ఎక్కడి దాకా వెతకాలో వాళ్ళకి తెలుస్తుందట.

రెండోసారి ఒక్క పేజీ రాశాను. ఎక్కడ పెట్టాను, హ్యాండిల్ లాక్ వేశాను, ఎన్నింటికి వచ్చాను, ఎవరెవరిని అడిగాను. నాన్న ఆర్‌సీ ఫొటో వాట్సాప్‌లో పంపితే ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఎక్కించాను. నంబర్ ప్లేటు మార్చేయడం నిమిషం పని కాబట్టి ఇవి తప్పకుండా ఉండాలి. ట్యాంకు ఎడమ వైపు సొట్ట, సీటు వెనక చిరిగితే నాన్న నీలం రెక్సిన్‌తో వేయించిన అతుకు కూడా రాశాను. దొంగ ఎవరన్న చోట "గుర్తు తెలియని వ్యక్తులు" అని పెట్టాను. ఆ కుర్రాడు తాళం అడిగింది వాళ్ళమ్మని బస్సు దగ్గర నుంచి తేవడానికని తర్వాత తెలిసింది. ఆ పేరు స్టేషన్ కాగితాల్లోకి ఎక్కనందుకు ఇప్పటికీ ఆ హెడ్ గారికి మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

సంతకం పెట్టే ముందు ఎఫ్ఐఆర్ చదివి వినిపించారు. ఛాసిస్ నంబరులో ఒక అంకె తప్పు పడింది, చెప్తే అక్కడికక్కడే దిద్దారు. చదివి వినిపించడం, కాపీ ఉచితంగా ఇవ్వడం వాళ్ళ దయ కాదు, మన హక్కు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అనే చట్టం 173వ సెక్షన్‌లో ఉంది. ఎంత రాత్రయినా అది వినకుండా సంతకం పెట్టొద్దు.

నెల దాటాక ఫోన్ వచ్చింది. నాన్నా నేనూ వెళ్ళాం. బండికి వేరే నంబర్ ప్లేటు బిగించి ఉంది, ఛాసిస్ నంబరు మాత్రం మా కాగితంలోదే. కోర్టులో పిటిషన్ వేసి విడిపించుకోవడానికి ఇంకొన్నాళ్ళు పట్టింది. నాన్న ఆ రోజు నంబర్ల జోలికే పోలేదు. తిన్నగా బండి వెనక్కి వెళ్ళి, సీటు మీద దుమ్ము తుడిచి, నీలం అతుకు చూసుకున్నాడు.