చేటలో ఏరి పారేస్తున్న గింజలు

అనంతపురంలో మా వీధిలో రేషన్ బియ్యం చెరిగే అవ్వలు చాలామంది మట్టిబెడ్డలతోపాటు, రంగులో కాస్త తేడాగా, మొద్దుగా కనిపించే గింజలను కూడా ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేస్తున్నారు. నీళ్లలో తేలుతున్నాయన్నది వారు చూపే రుజువు. ఏ పసిబిడ్డ కోసం అంత ఓపికగా ఏరుతున్నారో, ఆ బిడ్డకు అందవలసిన ఇనుము, ఫోలిక్ యాసిడ్, విటమిన్ బి12 కలిపినది ఆ గింజల్లోనే.

బియ్యప్పిండిలో ఈ పోషకాలను కలిపి, ముద్దచేసి, యంత్రంతో బియ్యపుగింజ ఆకారంలో ఒత్తి, ఆరబెట్టి, మామూలు బియ్యంలో నూటికి ఒక పాలు చొప్పున కలుపుతారు. ఒత్తి చేసిన గింజ కొంత తేలికగా ఉంటుంది కాబట్టి తేలుతుంది. 2021 ఆగస్టు 15న ప్రధాని ఎర్రకోట మీద ప్రకటించిన తరువాత ఈ బియ్యం అంగన్‌వాడీలకు, బడులకు, చౌకదుకాణాలకు దశలవారీగా చేరింది. బియ్యంతోపాటు ఈ నాలుగు మాటలూ ఇంటింటికీ చేరి ఉంటే అవ్వలకు ఇంత అనుమానం కలిగేది కాదని నాకు బాధగా ఉంటుంది. అన్నం వారిస్తే గంజితోపాటు బి విటమిన్లు కొంత పోతాయి కనుక అత్తెసరు పెట్టి వండడమే మేలు.

అయితే ఈ బియ్యం ఒక్కటే చాలదు. కిలోకు 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఇనుము ఉండాలన్నది ప్రమాణం. రెండేళ్ల పాప రోజుకు 50 గ్రాముల బియ్యపు అన్నం తింటే అందేది సుమారు ఒకటిన్నర నుంచి రెండు మిల్లీగ్రాములే, ఆ వయసుకు కావలసింది రోజుకు ఎనిమిది. అందువల్ల తల్లిపాలు మాన్పించకుండా, మెత్తని సంగటిలో ఆకుకూర పప్పు కలిపి, ఇనుము ఒంటబట్టేందుకు నాలుగు చుక్కల నిమ్మరసం పిండి తినిపించాలి. బి12 కోసం గుడ్డో పాలో పెరుగో ఉండాలి. తలసీమియా (పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు) ఉన్న బిడ్డల విషయంలో మాత్రం ముందుగా వైద్యుణ్ణి అడగాలి.

విటమిన్ ఎ సంగతి వేరు. నూనె, పాల ప్యాకెట్ల మీద ‘+F’ గుర్తు ఉంటే ఎ, డి విటమిన్లు కలిపారని అర్థం. వేరుశనగ పండే మన జిల్లాలో చాలామంది ఇష్టపడే గానుగ నూనెలో అవి కలపరు. ఏ నూనె వాడే ఇల్లయినా, తొమ్మిదో నెలలో తట్టు టీకాతోపాటు లక్ష యూనిట్ల విటమిన్ ఎ ద్రావణాన్ని, ఆ తరువాత ఐదేళ్లు వచ్చేవరకు ఆరు నెలలకోసారి రెండు లక్షల యూనిట్లను బిడ్డకు తప్పక వేయించాలి.