నన్ను రోమా అనుకున్నారు

చెక్ దేశంలోని బ్ర్నో నగరంలో అద్దె ఇల్లు వెతుకుతుంటే, గుమ్మంలో నన్ను చూడగానే ఒకావిడ ముఖం మాడ్చుకుంది. ఇండియా నుంచి వచ్చిన ఇంజినీరునని చెప్పాక నవ్వి లోపలికి రమ్మంది. నన్ను రోమా అనుకుందట, అంటే శతాబ్దాల కిందట ఇండియా వైపు నుంచి యూరప్ వచ్చిన జాతి మనిషినని! ఆ ఇల్లు నేను తీసుకోలేదు.

అప్పటి నుంచి వాళ్ల గురించి చదువుతున్నాను. ఈ చెక్ దేశంలో ఏ లోపమూ లేని రోమా పిల్లల్ని ఎందరినో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల బడుల్లో వేసేవారు. ఓస్ట్రవా నగరానికి చెందిన 18 మంది పిల్లలు కేసు వేస్తే, 2007 నవంబరు 13న యూరోపియన్ మానవ హక్కుల కోర్టు అది వివక్షేనని తేల్చింది. ఓస్ట్రవాలో రోమా బిడ్డ ఆ బడిలో పడే అవకాశం మిగతావాళ్ల కంటే 27 రెట్లు ఎక్కువని కోర్టు ముందు లెక్క చూపారు. తల్లిదండ్రులు సంతకాలు పెట్టారుగా అని ప్రభుత్వం వాదించింది. దేని మీద పెడుతున్నారో వాళ్లకి విడమరిచి చెప్పిందెవరు? కోర్టు కూడా ఆ వాదన ఒప్పుకోలేదు.

పక్కనే ఉన్న స్లొవేకియా మీద ఇదే విషయంలో 2023లో యూరోపియన్ యూనియన్ పాలనా విభాగమైన యూరోపియన్ కమిషన్, ఆ యూనియన్ కోర్టుకెక్కింది.

మా కింది అంతస్తులో ఒక రోమా కుర్రాడున్నాడు. వెల్డింగ్ నేర్చుకున్నాడు, సర్టిఫికెట్లన్నీ ప్లాస్టిక్ ఫోల్డర్లో వరసగా పెట్టుకున్నాడు. ఫోన్ చేస్తే రమ్మంటారు. తీరా వెళ్లాక, మనిషిని చూసి, ఇప్పుడే భర్తీ అయిపోయిందంటారు. ఫోల్డరు తెరవనే తెరవరు. నాకు కడుపు మండిపోతుంది. మళ్లీ ఒకచోట పిలిచారట, ఈసారి నేనూ వెంట వస్తానన్నాను.