అన్నీ 'బలహీనపడటమే' అనుకుని నేను పోగొట్టుకున్న మార్కులు

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే సీజీఎల్ పరీక్షకు ప్రిపేర్ అవుతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నా అనుభవం ఒకటి చెప్పాలి. మొదటి అటెంప్ట్‌లో టైర్-1 ఇంగ్లిష్‌లో నాకు 50కి 31 వచ్చాయి. మిగతా సెక్షన్లు బాగానే చేశాను. అయినా కటాఫ్‌కు 3 మార్కుల దూరంలో ఆగిపోయాను. సరైన జవాబుకు 2 మార్కులు, తప్పయితే అర మార్కు కోత. అంటే తప్పు పెట్టిన ప్రతి ప్రశ్న దగ్గరా రెండున్నర మార్కుల తేడా. రెండే రెండు సినానిమ్స్ సరిగ్గా పెట్టి ఉంటే గట్టెక్కేదాన్ని.

విజయవాడ కృష్ణలంకలో రూమ్‌కి వచ్చి రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు పాత మాక్ టెస్టులన్నీ ముందేసుకుని తప్పులు ఏరాను. ఒక గుంపు మాటలు మళ్లీ మళ్లీ కనిపించాయి. ఎరోడ్, వేన్, డ్విండిల్, అబేట్, ఎనర్వేట్, అట్రఫీ, అండర్‌మైన్, అట్రిషన్. నా నోట్‌బుక్‌లో వీటన్నిటి పక్కనా ఒకటే అర్థం రాసి ఉంది: 'బలహీనపడటం, తగ్గటం'. నలుగురు అన్నదమ్ములకు ఒకే పేరు పెట్టి పిలిచినట్టు. ఎగ్జామ్‌లో ఆప్షన్లలో ఆ నలుగురూ పక్కపక్కనే నిలబడితే ఎవర్ని పట్టుకోవాలో నాకు తెలియలేదు.

వీటిలో నన్ను బాగా ఏడిపించింది అట్రిషన్. ఒక మాక్‌లో న్యూట్రిషన్‌కు దగ్గర మాట అనుకుని 'పోషణ' అర్థం వచ్చే ఆప్షన్ పెట్టాను. తర్వాత ఎన్నిసార్లు బట్టీ పట్టినా వారం తిరిగేసరికి మర్చిపోయేదాన్ని.

దసరాకు తెనాలి దగ్గర మా ఊరెళ్లినప్పుడు అది మనసుకెక్కింది. నాయనమ్మ పూజకు గంధం తీస్తోంది. సాన మీద రెండు చుక్కలు నీళ్లు వేసి, గంధపు చెక్కను గుండ్రంగా రుద్దుతోంది. నా చిన్నప్పుడు జానెడు ఉన్న చెక్క ఇప్పుడు బొటనవేలంత అయింది. సాన వైపు చూశాను. రాయి కూడా మధ్యలో గుంట పడింది, అందులో గంధం నీళ్లు పల్చగా నిలిచి ఉన్నాయి. ఒక్కరోజులో చూస్తే చెక్కా తగ్గలేదు, రాయీ తగ్గలేదు. ఏళ్ల తరబడి ఒకదాన్నొకటి ఒరుసుకుని రెండూ అరిగాయి. అట్రిషన్‌కు మూలమైన లాటిన్ మాటకు అర్థం సరిగ్గా అదే, రుద్దటం, ఒరుసుకోవటం. మన తెలుగులో అరుగుదల, ఒరిపిడి. "మోకాళ్లు అరిగిపోయాయి" అని నాయనమ్మ రోజూ అనే మాటలో ఉన్నది కూడా ఇదే.

అక్కణ్ణుంచి వాడుక తేలికైంది. వార్ ఆఫ్ అట్రిషన్ అంటే ఒక్క దెబ్బతో గెలిచే యుద్ధం కాదు, రెండు పక్షాలూ అరిగిపోతూ ఎవరు ముందు అయిపోతారా అని చూసే యుద్ధం. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916 ఫిబ్రవరి నుంచి డిసెంబరు దాకా సాగిన వెర్డన్ పోరుకు ఈ మాట వాడతారు. 1969-70లో ఈజిప్టు, ఇజ్రాయెల్ మధ్య జరిగిన యుద్ధానికైతే పేరే అది. కంపెనీల వార్తల్లో అట్రిషన్ రేట్ అంటే ఉద్యోగులు మానేసి వెళ్లిపోయే రేటు. కాంప్రహెన్షన్‌లో 'త్రూ అట్రిషన్' సిబ్బందిని తగ్గించారని వస్తే తీసేశారని కాదు. రిటైరైనవాళ్ల, రాజీనామా చేసినవాళ్ల ఖాళీలు నింపలేదని. ఇక్కడ లేఆఫ్ అని ఆప్షన్ ఇచ్చి పడగొడతారు, జాగ్రత్త. ఇదే మూలం నుంచి ట్రైట్ కూడా వచ్చింది. వాడి వాడి అరిగిపోయిన మాట అని. మనం అరిగిపోయిన రికార్డు అంటాం కదా, దాని పక్కన పెట్టి గుర్తుంచుకోండి.

ఆ రోజు నుంచి ప్రతి మాటనూ ఒకే ప్రశ్న అడగటం మొదలుపెట్టాను. ఎలా తగ్గింది? రుద్దితే తగ్గిందా, కొరికితే తగ్గిందా, తిండి లేక తగ్గిందా, కింద తవ్వితే కూలిందా?

ఎరోడ్ కొరకటం. ఎలుకల జాతిని రోడెంట్ అంటారే, అదీ ఇదీ ఒకే మూలం. కొల్లూరు వైపు లంక గ్రామాల్లో కృష్ణ ఒడ్డు కోతకు గురవుతోందని పేపర్లో చదువుతుంటాం. మన నది కోస్తుంది, ఇంగ్లిష్ నది కొరుకుతుంది, అంతే తేడా. ధరలు పెరిగి దాచుకున్న డబ్బు విలువ కరిగిపోతే ఎరోడ్. నాయకుల మీద నమ్మకం కొంచెం కొంచెంగా పోతే ఎరోడ్. అండర్‌మైన్‌లో వేరే చెయ్యి ఉంటుంది. పునాది కింద ఎవరో తవ్వుతున్నారు. మన వెనక గోతులు తీయటమే అది.

అట్రఫీ అంటే పోషణ అందక గానీ, వాడక లేక గానీ కృశించటం. గ్రీకులో ట్రోఫే అంటే ఆహారం, ముందున్న 'అ' లేదని చెబుతుంది. సిమెంటు కట్టు విప్పాక చెయ్యి చిక్కి సన్నగా కనిపిస్తుందే, అది. న్యూట్రిషన్‌ను నేను గుర్తు తెచ్చుకోవాల్సింది అసలు ఈ మాట దగ్గర.

ఎనర్వేట్ దగ్గర చాలామంది పడతారు, నేనూ పడ్డాను. ఎనర్జీలా వినిపిస్తుంది కాబట్టి ఉత్సాహపరచటం అనుకుంటాం. పూర్తిగా తిరగబడిన అర్థం, నరాల సత్తువ లాగేయటం. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి బెంజి సర్కిల్ దగ్గర బస్సు కోసం నిలబడి చూడండి. ఒళ్లు తోటకూర కాడలా వేలాడిపోతుంది. ఆ ఎండ ఎనర్వేటింగ్.

అబేట్, సబ్‌సైడ్ రెండూ నాకు 2024 సెప్టెంబరు నేర్పింది. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చిన రోజులు. మా రూమ్‌లో ముగ్గురం ఫోన్లు పట్టుకుని, కృష్ణమ్మ ఎప్పుడు శాంతిస్తుందా అని కూర్చున్నాం. అటు బుడమేరు నీళ్లలో సింగ్ నగర్‌లో మా ఫ్రెండ్ వాళ్లిల్లు మునిగింది. చివరికి టీవీలో "వరద తగ్గుముఖం పట్టింది" అన్న మాట వినగానే ఊపిరి పీల్చుకున్నాం. అబేట్ అన్నా సబ్‌సైడ్ అన్నా ఆ తగ్గుముఖమే. ఉధృతంగా ఉన్నది మెత్తబడాలి. వరద, గాలివాన, జ్వరం, నొప్పి, కోపం. జ్వరం తగ్గుముఖం పట్టిందంటాం గానీ ఆరోగ్యం తగ్గుముఖం పట్టిందని ఎవరమూ అనం. పేరాలో ఖాళీలు నింపే క్లోజ్ టెస్టులో డౌట్ వస్తే ఈ తెలుగు పరీక్ష పెట్టి చూడండి. డ్విండిల్ అయితే లెక్కకు, నిల్వకు సంబంధించింది. ఎండాకాలం డ్యాముల్లో నీళ్లు అడుగంటుతాయే, అలాగన్నమాట.

అన్నిటికంటే ఎక్కువ మార్కులు తెచ్చిపెట్టింది మాత్రం వేన్. మూలంలోనే తరగటం అనే అర్థం ఉంది. పౌర్ణమి తర్వాత బహుళ పక్షంలో చంద్రుడు తరిగినట్టు పలుకుబడి, ఆసక్తి, ఉత్సాహం తరుగుతాయి. మనకు దీనికి చక్కటి మాట ఉంది, సన్నగిల్లటం. ఎర్రర్ స్పాటింగ్‌లో "ద స్కాండల్ వేన్డ్ హిజ్ పాపులారిటీ" లాంటి వాక్యం ఇస్తారు. రూల్ గుర్తు లేకపోయినా ఫర్లేదు, తెలుగులో చెప్పి చూసుకోండి. "కుంభకోణం ఆయన పలుకుబడిని సన్నగిల్లింది" అంటామా? చెవికే తప్పని తెలిసిపోతుంది. పలుకుబడి తనంతట తాను సన్నగిల్లాలి. వేన్ కూడా అంతే, దానికి కర్మ (ఆబ్జెక్ట్) ఉండదు. అక్కడ ఎరోడెడ్ గానీ అండర్‌మైన్డ్ గానీ రావాలి.

ఈ పద్ధతిలో రోజుకు ఐదు మాటలే చూశాను. లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపులో ఒక డిక్షనరీ కొని, మాట పుట్టుక ఒక లైను, మన ఇంట్లో వాడే తెలుగు ఒక లైను, సొంత వాక్యం ఒక లైను రాసుకున్నాను. రూమ్‌మేట్‌కి చెబితే "ఇంత టైమ్ ఎక్కడుంది అక్కా" అంది. నిజమే, మొదటి నెల చాలా నెమ్మదిగా నడుస్తుంది, టెన్షన్ కూడా వస్తుంది. కానీ నాకు ఒకసారి అలా ఎక్కిన మాట మళ్లీ జారలేదు. రెండో అటెంప్ట్‌లో 43 వచ్చాయి. టైర్-2లో ఇంగ్లిష్‌వే 45 ప్రశ్నలు, ఒక్కోదానికి 3 మార్కులు కాబట్టి అక్కడ ఇంకా కలిసొచ్చింది.

ఈ గుంపులో నాకు ఆఖరున దొరికిన మాట ఎబ్. అర్థం తగ్గటమే అయినా, మళ్లీ రావటానికి వెళ్లే తగ్గటం. ఆటుపోట్లలో పోటు కాదు, ఆటు. కోసుకుపోయిన ఒడ్డు తిరిగి రాదు, వెనక్కెళ్లిన అల వస్తుంది. నోట్‌బుక్‌లో ఎబ్ పక్కన తెలుగు అర్థానికి బదులు 'సూర్యలంక, సాయంత్రం' అని రాసుకున్నాను.