తాతయ్య ఆయిల్ ఇంజను: హెడ్డు పని ఎంతవరకు వచ్చిందంటే

పాలకొల్లు దగ్గర మా కొబ్బరితోటకి కాలవలోంచి నీళ్ళు తోడిన ఇంజను ఇది. ఇంగ్లండు కంపెనీ లిస్టర్ నమూనాలో మన దేశంలోనే చేసిన 6 హెచ్‌పీ డీజిలు, నిమిషానికి 650 చుట్లు. కరెంటు మోటారు వచ్చాక పాకలో ఓ మూలకి చేరింది. రెండేళ్ళుగా సెలవు దొరికినప్పుడల్లా దాని దగ్గరే కూర్చుంటున్నాను.

సంక్రాంతికి స్టార్టయింది. ఇరవై నిమిషాలకే తెల్లపొగ, నీళ్ళు బయటికొచ్చే గొట్టంలో బుడగలు. మర్నాడు చూస్తే నీళ్ళు కలిసి ఆయిలు మజ్జిగలా ఉంది. గుండె జారిపోయింది.

సిలిండరు పైన మూతలా ఉండే హెడ్డు విప్పి, మసి గీకి, కిరోసిన్ పూసి తుడిచి సుద్దపొడి చల్లాను. రెండు వాల్వులు ఆనే సీట్ల మధ్య తడి గీత తేలింది. పగులే.

లేత్ మేస్త్రీ గారికి చూపిస్తే, "నీళ్ళు తిరిగే జాకెట్ బయటివైపు పగిలితే బాగా వేడిచేసి నికెల్ రాడ్డుతో అతికి, ఊక బూడిదలో కప్పి మెల్లగా చల్లారనిస్తాం. వాల్వుల మధ్య అతుకు నిలవదు బాబూ, కొత్తది వేసుకో" అన్నారు. తాతయ్య చెయ్యి పడిన హెడ్డు, పారెయ్యడానికి మనసొప్పలేదు. కానీ ఆయన చెప్పింది నిజం. అక్కడ మంట వేడి ఒకవైపు, నీళ్ళు ఇంకోవైపు.

అసలు ఎందుకు పగిలిందో తెలియకుండా కొత్తది బిగించకూడదనుకున్నాను. సిలిండరు చుట్టూ నీళ్ళు తిరిగే దారిలో ఇనుప చువ్వ పెట్టి కెలికితే రాయిలా గట్టిపడిన ఒండ్రు, రెండు గ్లాసులకి పైనే వచ్చింది. వరదల్లో ధవళేశ్వరం నుంచి నరసాపురం కాలవలోకి దిగే ఎర్రనీటినే ఏళ్ళ తరబడి ఇంజనులోకి పంపాం మరి. నీళ్ళు తిరగని చోట ఇనుము కాగిపోయి పగిలింది. ఆ ఒండ్రంతా తీయడానికి రెండు ఆదివారాలు పట్టింది.

కొత్త హెడ్డు వచ్చింది. కొత్తదే కదా అని నేరుగా బిగించకండి. లోపలి దారుల్లో పోత పోసినప్పటి ఇసుక అలాగే ఉంది. వైరు బ్రష్షుతో గీకి, పైపుతో నీళ్ళు కొట్టి, చెక్కసుత్తితో తడుతూ ఉంటే గంటసేపు రాలుతూనే ఉంది. వాల్వులు గరుకు పేస్టుతో రుద్ది, గాలీ పొగా వెళ్ళే పోర్టుల్లో కిరోసిన్ పోసి రాత్రంతా వదిలేశాను. పొద్దుటికి ఒక్క చుక్క కారలేదు.

పిస్టన్ మీద సోల్డరు తీగ ముక్కలు పెట్టి, గ్యాస్కెట్‌తో హెడ్డు బిగించి ఒక చుట్టు తిప్పితే, నలిగిన తీగ మందం 1.2 మిల్లీమీటర్లు. పిస్టన్ తగలదని ధైర్యం వచ్చింది. నట్లు ఎదురెదురుగా, మూడు విడతల్లో బిగించాను.

నిన్న ఆయిలు మార్చి హ్యాండిల్ తిప్పాను. మూడోసారికి అందుకుంది! అరగంట నడిచింది, పొగ లేదు, బుడగలు లేవు. అమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చి ఆ చప్పుడు వింటూ నిలబడింది.

ఇక కాలవ నీళ్ళు దీనిలోకి పోవు. 200 లీటర్ల డ్రమ్ములో వాననీరు పోసి, నీటిమట్టం హెడ్డు గొట్టానికి పైన ఉండేలా దిమ్మ మీద పెట్టాను. వేడి నీరు తనంతట పైకెక్కి, చల్లనిది కిందనుంచి వస్తోంది. ఇంజను పూర్తిగా చల్లారింది కాబట్టి ఇవాళ సాయంత్రం నట్లు ఇంకోసారి చూసి, వాల్వు గ్యాపులు మళ్ళీ సరిచేయాలి.