నొప్పి భుజం ముందు, సూది రెక్క వెనక: డ్రై నీడ్లింగ్‌తో నా అనుభవం

ఇంటర్ పిల్లలకి లెక్కలు చెబుతాను. రోజంతా చెయ్యెత్తి బోర్డు మీద రాయడమే. పోయినేడాది కుడి భుజం ముందువైపు లోపల్లోపల గుంజడం మొదలై, మెల్లగా మోచేతి దాకా దిగింది. బోర్డు పైవరుసలో రాయలేను, జడ వేసుకోలేను, చెయ్యి వీపు వెనక్కి పోదు. రాత్రి ఆ వైపు ఒత్తిగిలితే చాలు, మెలకువ వచ్చేసేది. జండూబామ్, కాపడం, నొప్పి మాత్రలు అన్నీ అయ్యాయి. ఎముకల డాక్టరు గారు ఎక్స్‌రే చూసి, ఎముకలో ఏమీ లేదమ్మా, కండరాల నొప్పి అని ఫిజియోథెరపీకి రాసిచ్చారు.

ఫిజియో అమ్మాయి ముందుగా నా చెయ్యి తనే పట్టుకుని పైకి లేపింది. నా అంతట నేను ఎత్తలేనంత ఎత్తుకి తను ఎత్తితే సులువుగానే వెళ్ళింది. ఫ్రోజెన్ షోల్డర్, అంటే భుజం కీలే బిగుసుకుపోవడం అయితే, ఎవరు ఎత్తినా అలా రాదట. మెడ అటూ ఇటూ తిప్పించి, నరం నొక్కుకుపోవడం కూడా కాదని చూసుకుంది. తర్వాత వెనక్కి వెళ్ళి, రెక్క ఎముక మీద బల్లపరుపుగా ఉండే కండరాన్ని బొటనవేలితో తడుముతూ ఒకచోట ఆగి నొక్కింది. నొక్కింది వీపు మీద, ప్రాణం జివ్వుమన్నది భుజం ముందు! ఇన్నాళ్ళూ నేను బామ్ రాసుకుంటున్న చోటే.

"ఇదే మేడమ్, ఇన్‌ఫ్రాస్పైనేటస్ కండరం. గడ్డ ఇక్కడుంటుంది, నొప్పి అక్కడ తెలుస్తుంది" అంది. బిగుసుకుపోయిన ఆ చోటుని ట్రిగ్గర్ పాయింట్ అంటారు. ఏ కండరంలో ముడి పడితే నొప్పి ఎటు పాకుతుందో అమెరికాలో జానెట్ ట్రావెల్, డేవిడ్ సైమన్స్ అనే డాక్టర్లు బొమ్మలు గీయించి 1983లో పుస్తకంగా తెచ్చారు. ట్రావెల్ గారు అధ్యక్షుడు కెన్నెడీకి వైట్‌హౌస్ డాక్టరు కూడా. ఆ పుస్తకానికి ముందు నుంచే ఆ ముడుల్లోకి, ఆ చోటు మాత్రం మొద్దుబారేలా మత్తుమందు ఎక్కించేవారు. 1979లో చెక్ డాక్టరు కారెల్ లెవిట్, పనిచేస్తున్నది మందు కన్నా ఎక్కువగా సూదేనని రాశారు. డ్రై నీడ్లింగ్ అంటే ఇదే, మందు లేని సూది. వాడేది ఆక్యుపంక్చర్ సూదే అయినా, చైనా వైద్యంలోని నాడీమార్గాలు చూసి కాకుండా కండరాన్ని చేత్తో పట్టుకుని చూసి గుచ్చుతారు.

సూది అనగానే నాకు చెమటలు పట్టాయి. తను తొందరపెట్టలేదు. రక్తం పలచబడే మాత్రలేమైనా వాడుతున్నారా, ఎప్పుడైనా సూదికి కళ్ళు తిరిగాయా అని అడిగింది. కాయితం మీద సంతకం తీసుకుని, బోర్లా పడుకోబెట్టింది. చేతులకి గ్లౌజులు, చర్మం మీద స్పిరిట్ దూది, నా ముందే చింపిన ప్యాకెట్. సూది చూస్తే వెంట్రుక కన్నా లావే గానీ, బాగా సన్నం. సన్నటి ప్లాస్టిక్ గొట్టంలోంచి వేలితో టక్కున తట్టింది. చర్మంలో దిగడం తెలియనే లేదు.

తెలిసింది ఆ తర్వాతే. సూదిని లోపలే పైకీ కిందకీ కదుపుతుంటే, ఒక్కసారిగా కండరం దానంతటదే ఎగిరిపడింది. నిద్రలో పిక్క పట్టేసినప్పుడు ఉండే నొప్పి, భుజం ముందు దాకా లాగి, రెండు మూడు క్షణాల్లో సడలింది. "వచ్చింది మేడమ్, ట్విచ్" అంది. ఇంకోసారి, ఇంకోసారి, ప్రతిసారీ కొంచెం తక్కువగా. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏమాత్రం నొప్పి ఉండదని ఎవరైనా చెబితే నమ్మకండి. కానీ లేచి కూర్చుని చెయ్యి వెనక్కి తిప్పితే, నడుము దాటి పైకి వెళ్ళింది!

ఇంటికొచ్చాక ఆ చోటంతా దెబ్బ తగిలినట్టు సలిపింది. ఒకటి రెండు రోజులు అలాగే ఉంటుందని, వేడి కాపడం పెట్టుకుని చెయ్యి కదుపుతూనే ఉండమని ముందే చెప్పింది. అన్నట్టే తగ్గింది.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇక్కడే. సూది వల్ల వచ్చిన తేలిక వారం తిరిగేసరికి మళ్ళీ తరగడం మొదలైంది. దాన్ని నిలబెట్టింది వ్యాయామం. మోచెయ్యి పక్కకి ఆనించి రబ్బరు బ్యాండు బయటికి లాగడం, గోడకి చేతులానించి రెక్కలు దగ్గరికి తేవడం. పరిశోధనలు కూడా, కొన్ని వారాల వరకు నొప్పి తగ్గుతుందనే చెబుతున్నాయి గానీ, నెలలు గడిచాక మిగతా ఫిజియోథెరపీ కన్నా పెద్ద తేడా చూపించడం లేదు. అసలు ట్రిగ్గర్ పాయింట్ అంటే ఏమిటన్నదాని మీదే నిపుణుల మధ్య వాదాలున్నాయి. అయినా నొప్పితో చెయ్యే లేవనివాళ్ళు వ్యాయామం ఎలా చేస్తారు? ఆ మొదటి అడుగు నాకు సూదే వేయించింది. ఇప్పుడు పైవరుసలో కూడా రాస్తున్నాను. సూది మానేసి చాన్నాళ్ళయింది, రబ్బరు బ్యాండు మాత్రం వదల్లేదు.

వెళ్ళేవాళ్ళు ఒకటి చూసుకోండి. నాకు గుచ్చినచోట కింద రెక్క ఎముక అడ్డం ఉంది. మెడకీ భుజానికీ మధ్య కండరం కింద మాత్రం ఊపిరితిత్తి కొస ఉంటుంది. అక్కడ కండరాన్ని వేళ్ళతో పైకి పట్టుకుని గుచ్చడం తెలిసినవాళ్ళే చెయ్యాలి. అరుదే అయినా, సూది ఊపిరితిత్తికి తగిలే ప్రమాదం ఉంది. సూది తర్వాత ఆయాసం గానీ ఛాతీలో పోటు గానీ వస్తే ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళాలి. ఫిజియోథెరపీ డిగ్రీతో పాటు ఈ సూదుల్లో విడిగా శిక్షణ తీసుకున్నారా అని మొహమాటపడకుండా అడగండి. మంచివాళ్ళు ఆ ప్రశ్నకి నొచ్చుకోరు.