మా చిన్నోడి కార్డు: ఏడాదిన్నర తిరుగుడు, నా అనుభవం

నిన్న మధ్యాహ్నం పోస్ట్‌మ్యాన్ కవరు ఇచ్చి వెళ్ళాడు. మా చిన్నోడి యూడీఐడీ కార్డు, అంటే వైకల్యం ఉన్నవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు. ఏటీఎం కార్డంత ఉంది. పసుపు గీత, వాడి ఫోటో, పక్కన నంబరు. దీని కోసం ఏడాదిన్నర తిరిగాను. కోపం చల్లారకముందే రాసేద్దామని కూర్చున్నాను. నాలుగు రోజులు పోతే నేనూ అందరిలాగే "ఆఁ, కాస్త తిరగాల్సి వస్తుందిలెండి" అనేస్తాను.

మాది కదిరి. బెంగళూరు వచ్చి పదమూడేళ్ళయింది, కేఆర్ పురంలో ఉంటాం. నేను వైట్‌ఫీల్డ్ వైపు ఒక ఫ్యాక్టరీలో స్టోర్ కీపర్‌ని. చిన్నోడికి ఇప్పుడు ఏడేళ్ళు. ఆటిజం అని మూడో ఏటే తెలిసింది. పిల్లల డాక్టరుకి అనుమానం వచ్చి మానసిక, నరాల వైద్యానికి పేరున్న నిమ్హాన్స్‌కి పంపారు, అక్కడ రెండు మూడు సార్లు చూసి చెప్పారు. పొద్దున వెళ్తే సాయంత్రం అయ్యేది, అంత జనం. కానీ మమ్మల్ని ఒక్క మాట అన్నవాళ్ళు లేరు. మొత్తం మీద సులువుగా జరిగింది అదొక్కటే.

ఆ తర్వాత ఇంటి దగ్గర ఒక ప్రైవేటు థెరపీ సెంటర్‌లో వేశాం. ముప్పావుగంటకి తొమ్మిది వందలు. మొదటి రోజే అక్కడి మేడమ్ "ఇంట్లో తెలుగు మానేయండి, ఇంగ్లీషొకటే మాట్లాడండి, లేకపోతే కన్‌ఫ్యూజ్ అవుతాడు" అంది. ఎనిమిది నెలలు పాటించాం. మా అమ్మకి ఇంగ్లీషు రాదు. మనవడితో మాట్లాడకూడదన్నారని ఆమె నోరు మూసుకుని కూర్చునేది, అన్నం పెట్టేటప్పుడు మాత్రం "ఈట్, ఈట్" అనేది. తర్వాత మరో చోట ఒక స్పీచ్ థెరపిస్టు "మీకు ఏ భాషలో ముద్దు చేయడం వస్తుందో ఆ భాషలోనే మాట్లాడండి, రెండు భాషలు విన్నంత మాత్రాన ఏమీ చెడిపోదు" అని చెప్పేదాకా ఇదే వరస. ఆ ఎనిమిది నెలలు మా అమ్మకి ఎవరిస్తారు? అలాంటి సలహా మీకూ ఎవరైనా ఇస్తే ఆ సెంటర్ మార్చేయండి, నా మాట వినండి.

సరే, కార్డు సంగతి. డాక్టరు రాసిచ్చిన కాగితం ఉందిగా, మళ్ళీ ఇదెందుకు అనుకున్నాను మొదట్లో. కానీ ఎక్కడికి వెళ్ళినా వైకల్య సర్టిఫికెట్ ఏదీ అనేవారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ అని ఒక ఆరోగ్య బీమా ఉంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించి వైకల్యాలు ఉన్నవాళ్ళకి ఏడాదికి లక్ష రూపాయల వరకు ఇస్తారు, థెరపీ ఖర్చు కూడా కొంత వస్తుంది. చేరే ముందు వైద్య పరీక్షలేమీ ఉండవు. దానికి సర్టిఫికెట్ కావాలి. ఇన్‌కం ట్యాక్స్‌లో వైకల్యం ఉన్నవాళ్ళని పోషించే కుటుంబానికి ఆదాయంలో 75,000 తగ్గింపు, వైకల్యం 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000. పాత పద్ధతిలో రిటర్న్ వేసేవాళ్ళకే. దానికీ సర్టిఫికెట్ కావాలి. వైకల్యం 40 శాతం ఉంటే గానీ చాలావరకు ఏదీ కదలదు.

ముందు ఆధార్. పిల్లలకి ఐదేళ్ళు నిండాక వేలిముద్రలు, కంటిపాప కొత్తగా ఇవ్వాలి. వాడి చెయ్యి కొత్తవాళ్ళు పట్టుకుంటే కేకలు. రెండుసార్లు తిరిగొచ్చేశాం. మూడోసారి ఆ ఆపరేటర్ కుర్రాడు కీబోర్డులో ఎంటర్ నొక్కే పని వీడికి అప్పజెప్పాడు, ఒక్కో వేలికి ఒక్కో ఎంటర్. పది నిమిషాల్లో అయిపోయింది. పోర్టల్‌లో కార్డు దరఖాస్తు కూడా అంతే, పైసా ఖర్చు లేదు. జిరాక్స్ షాపు దగ్గర ఒకడు ఎనిమిది వేలిస్తే అన్నీ తనే చూసుకుంటానన్నాడు. అలాంటివాళ్ళు ఉంటారు, దాటుకుని వెళ్ళిపోండి.

ఆస్పత్రిలో మొదటిసారి కిటికీ దగ్గరే ఆపేశారు. "ఆధార్ ఆంధ్రదు, అల్లే మాడ్సి" అన్నాడు గుమాస్తా, తల ఎత్తకుండా. అక్కడే చేయించుకోమని. నిబంధన ప్రకారం వైద్యం చేయించుకుంటున్న ప్రభుత్వ ఆస్పత్రిలో కూడా అడగవచ్చు, కానీ ఆ సంగతి నాకప్పుడు తెలీదు. గ్యాస్ బిల్లు పెట్టి ముగ్గురి ఆధార్‌లలో అడ్రస్ మార్పించాను. కదిరిలో మా మేనత్తకి ఈ సంగతి తెలిసి, "అక్కడే ఉండనిచ్చి సదరం సర్టిఫికెట్ చేయించుంటే నెలకి ఆరువేలు పింఛనన్నా వచ్చేది కదరా" అంది. రెండేళ్ళ క్రితం "వాడికేముంది, మీ తాతకీ మాటలు లేటే" అన్నది కూడా ఈమే.

ఇక మెడికల్ బోర్డు రోజు, అంటే డాక్టర్లు చూసి వైకల్యం ఎంత శాతమో తేల్చే రోజు. ఇక్కడ కాస్త ఓపిగ్గా వినండి.

వాడు బాగుండాలని వాళ్ళమ్మ తలకి నూనె రాసి, కొత్త చొక్కా వేసి, ఇడ్లీ పెట్టి తీసుకొచ్చింది. ఏడున్నరకే వెళ్ళాం. టోకెన్ 43. వాడికి బండ్ల నంబర్లంటే ప్రాణం. కేఏ 53 అంటే మా కేఆర్ పురం బండి అని తెలుసు, ఏపీ 02 కనిపిస్తే గంతులేస్తాడు. 335ఈ బస్సు ఎక్కడికి వెళ్తుందో అడిగితే చెప్పడు, కానీ దాన్ని కిలోమీటరు దూరం నుంచి గుర్తుపడతాడు. ఆస్పత్రి ఆవరణంతా బండ్లే. మూడు గంటలు చూసి చూసి, లోపలికి వెళ్ళేసరికి హాయిగా, నిండుగా ఉన్నాడు.

డాక్టరు పేరడిగారు. చెప్పాడు. పెన్ను చూపిస్తే పెన్ అన్నాడు. వేళ్ళు లెక్కపెట్టమంటే పదీ లెక్కపెట్టి, అడక్కుండానే టోకెన్ మీద ఫార్టీ త్రీ కూడా చదివాడు. పిచ్చివాణ్ణి, నాకు గర్వం కూడా వేసింది.

"చెన్నాగే ఇద్దానల్లా" అన్నారాయన. బాగానే ఉన్నాడు కదా. మొబైల్ తగ్గించండి, పిల్లలతో ఆడనివ్వండి. పక్కనున్న గుమాస్తా ఇంకొకరితో "ఈ మధ్య ఇలాంటి కేసులు ఎక్కువయ్యాయి, స్కీముల కోసం" అనడం వినపడింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. కన్నడలో మొదలుపెట్టి తెలుగులోకి వచ్చేశాను. ఆయనకి తెలుగు అర్థమవుతుంది, బెంగళూరులో ఎవరికి అర్థం కాదు! తలుపు తెరిచే ఉంది, బయట క్యూలో పాతికమంది. "వీడికి చొక్కా వేసుకోవడం రాదు సార్. ఆకలేస్తే అడగడం రాదు సార్. ఒంటికీ రెంటికీ చెప్పడం రాదు సార్. కోపమొస్తే రక్తం వచ్చేలా చెయ్యి కొరుక్కుంటాడు. రింగ్ రోడ్డు మీదికి పరిగెత్తాడు, ఆటో వాడు బ్రేకు వేయబట్టి బతికాడు. ఈరోజుకి నన్ను నాన్నా అని పిలవడం రాదు సార్."

పక్క నుంచి వాడు, అచ్చం నా గొంతుతో, నా విసురుతో: "రాదు సార్. రాదు సార్."

విన్న మాటని విన్నట్టే తిరిగి అనడం వాడి ఆటిజంలో భాగం. అర్థం తెలిసి అనడు. డాక్టరు నవ్వారు. "చూడండి, మాట్లాడుతున్నాడు కదా!" అన్నారు. ఆరు నెలల తర్వాత మళ్ళీ చూపించండని రాసి కాగితం చేతిలో పెట్టారు.

నా కొడుకు చేతకానివాడని పాతికమంది ముందు, వాడి ముందే, నేను వాదించి ఓడిపోయాను. ఇంతకంటే వివరంగా చెప్పడం నా వల్ల కాదు. వాళ్ళమ్మ ఏమీ అనలేదు, వాడి చొక్కా పై గుండీ ఊడితే పెడుతూ ఉండిపోయింది. ఆ డాక్టరునొక్కణ్ణే అని లాభం లేదేమో కూడా. 1995 నాటి చట్టంలో వైకల్యాలు ఏడే, అందులో ఆటిజం లేదు. 2016 చట్టంలో 21 చేశారు, అప్పుడు చేరింది. కాలో కన్నో కనబడితేనే వైకల్యం అనే కళ్ళు ఇంకా అలాగే ఉన్నాయి. కానీ ఆ గుమాస్తాని మాత్రం నేను క్షమించను.

బయట బెంచీ మీద కూర్చున్నాం. పక్కన చక్రాల కుర్చీలో పదకొండేళ్ళ పాప, వెనక వాళ్ళమ్మ.

"ఎవురన్నా మీది, అనంతపురమా?"

కదిరి అన్నాను.

"మాది హిందూపురం. అంతా ఇనబడిందిలే." కాసేపు ఆగింది. "పౌడర్ రాసి, కడుపునిండా పెట్టి పిల్చుకొచ్చినారు. బాగున్న పూట చూస్తే బాగుండాడనే అంటారన్నా. పదైదు దినాలు రాసి పెట్టుకో. ఏ పూట ఏం చేసినాడు, ఎన్నిసార్లు చేసినాడు. ఫోన్లో వీడియోలు తియ్యి. నువ్వు నోటితో చెప్తే కథ అంటారు, కాగితం చూపిస్తే కేసు అంటారు."

వైద్యం జరిగే ప్రభుత్వ ఆస్పత్రిలోనే అడగొచ్చని చెప్పింది కూడా ఆమే. నిరామయ ఫారం ఎలా నింపాలో, బిల్లు మనం ముందు కట్టి తర్వాత క్లెయిమ్ ఎలా వేయాలో చెప్పింది. పాపకి సెరిబ్రల్ పాల్సీ, ఇందిరానగర్‌లోని స్పాస్టిక్స్ సొసైటీ గురించి ఆమె నోటే విన్నాను. బిడ్డకి పద్దెనిమిది నిండితే తల్లిదండ్రులు తమంతట తామే గార్డియన్లు కారని, నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా కలెక్టరుండే కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలని ఆమె చెప్పేదాకా నేను వినలేదు. నాలుగేళ్ళలో ఎంతమంది డాక్టర్లకి ఎంత ఫీజు కట్టానో నా దగ్గర లెక్కుంది. బెంచీ మీద ఈ నలభై నిమిషాలు ఉచితం. వెళ్ళేటప్పుడు మా చిన్నోడి అమ్మతో ఫోన్ నంబర్లు మార్చుకుంది. ఇప్పుడు వీళ్ళిద్దరూ రోజూ మాట్లాడుకుంటారు, నాకు వంతు రాదు.

రాయడం నాకు కొత్త కాదు. స్టోర్స్‌లో పదకొండేళ్ళు సరుకుల లెక్కకి బిన్ కార్డులు రాసిన చెయ్యి. ఆడిట్‌లో నా రిజిస్టర్‌కి ఇంతవరకు వంక పెట్టినవాడు లేడు. తేదీ, టైము, ఏం జరిగింది, ఎన్నిసార్లు, ఎంతసేపు, ఎలా తగ్గింది అని గళ్ళు గీశాను. చెయ్యి కొరకడం నాలుగు. తల గోడకి కొట్టుకోవడం ఒకటి, ఫ్యాను ఆపితే. నిద్ర రెండున్నర గంటలు. పదో రోజు రాత్రి వాళ్ళమ్మ అది తిరగేసి, "వీడు పెద్దయ్యాక ఇది చదివితే ఎట్లండీ?" అంది. ఆ రిజిస్టర్ ఇప్పుడు ఇంట్లో లేదు, ఫ్యాక్టరీలో నా బీరువాలో ఉంది.

రెండో ఆస్పత్రిలో ఒక సైకాలజిస్ట్ అమ్మాయి, చిన్న వయసే. పెన్ను చూపించలేదు. కింద కూర్చుని ఒక బొమ్మ బస్సు వాడి వైపు తోసి ఊరుకుంది. వాడు దాన్ని తిరగేసి చక్రం తిప్పుతూ ఇరవై నిమిషాలు ఉన్నాడు. ఆమె ఉన్నదని కూడా చూడలేదు. ఆమె రాసుకుంటూ ఉంది. నా రిజిస్టర్ మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివింది. "రాదు సార్" సంగతి చెబితే నవ్వలేదు, "ఆ మాట తనంతట తాను ఎప్పుడైనా అంటాడా?" అని అడిగింది. అప్పటికే నాకు గొంతు పట్టేసింది.

ఆమె నింపిన ఫారం పేరు ఐఎస్ఏఏ, ఆటిజం ఎంత ఉందో కొలిచేది. మన సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థలో తయారైందేనట. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. మొత్తం 70 వస్తే ఆటిజం కిందికి వస్తుంది. మా ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ మార్కులు ఎక్కువ రావాలని దండం పెట్టుకోలేదు, బీకాంలో నాకు కూడా. ఆ రోజు పెట్టుకున్నాను. పెట్టుకుని, అలా పెట్టుకున్నందుకు చెంపలేసుకున్నాను. వైకల్యం 60 శాతం అని వచ్చింది. తర్వాత బోర్డు సంతకాలకి పది నిమిషాలు కూడా పట్టలేదు. కార్డు ప్రింటయి రావడానికి మాత్రం నెలలు పట్టింది.

మీరు వెళ్ళేవాళ్ళయితే, ముందు ఆధార్ వేలిముద్రలు ముగించుకోండి. రిజిస్టర్ రాయండి, వీడియోలు తీయండి. ప్రతి కాగితం మూడేసి జిరాక్సులు. మీ ఇష్టం, కానీ కొత్త చొక్కా వేయకండి.

నిరామయ ఫారం ఈ ఆదివారం నింపాలి. బడి సంగతి ఇంకా తేలలేదు, అది వేరే కథ.

కార్డు నిన్న వాడి చేతికే ఇచ్చాను. ఫోటో చూడలేదు. నంబరు కేఏ అనే అక్షరాలతో మొదలవుతుంది కదా, వాడి మొహం వెలిగిపోయింది. అక్షరాలూ అంకెలూ కలిపి పద్దెనిమిదీ గడగడా చదివాడు, నాకింకా నాలుగు కూడా నోటికి రాలేదు. చదివి, కార్డు వెనక్కి తిప్పి చూశాడు. మళ్ళీ ముందుకి తిప్పాడు. కిటికీ దగ్గరికి వెళ్ళి కింద రోడ్డు మీద బండి కోసం చూస్తూ నిలబడ్డాడు.